సంపూర్ణ మద్దతు, సగం షట్టర్

మొన్న మా వ్యాపారుల సంఘంలోని యువకులు నన్నొక మీటింగుకు పిలిచారు. చిన్న దుకాణాల వాళ్లు జనంలో మంచి పేరు ఎలా తెచ్చుకోవాలి, వచ్చిన పేరు ఎలా కాపాడుకోవాలి అన్నది ఆ రోజు విషయం. నాకన్నా ముందు ఒక అమ్మాయి తెర మీద బొమ్మలు చూపిస్తూ అరగంట మాట్లాడింది. నా వంతు వచ్చేసరికి వెనక నుంచి భోజనాల వాసన మొదలైంది. నాణ్యత, నమ్మకం, నవ్వు ముఖం అని మూడు మాటలు చెప్పి, శాలువా కప్పించుకుని, భోంచేసి ఇంటికి వచ్చాను. ఆ మూడు మాటలూ నేను ఎక్కడో క్యాలెండర్ మీద చదివినవే.

అసలు చెప్పాల్సింది అక్కడ చెప్పలేదు. మెడలో శాలువా ఉండగా అది చెప్పడం కష్టం. అందుకని ఇక్కడ రాస్తున్నాను. దిల్‌సుఖ్‌నగర్‌లో ముప్పై ఏళ్లు చీరల దుకాణం నడిపి, మోకాళ్లు మొరాయించాక మూసేసి ఇంట్లో కూర్చున్నవాణ్ని నేను. ఆ ముప్పై ఏళ్లలో నా సంగతి పేపర్లో రెండేసార్లు వచ్చింది, అదీ వరసగా రెండు రోజులు. మీరు ఇప్పుడు కొత్తగా దుకాణాలు తెరుస్తున్నారు కాబట్టి ఆ రెండుసార్లూ ఏం జరిగిందో తెలుసుకోవడం మంచిది.

మాది పోచంపల్లి వైపు మగ్గాల ఊరు. మా నాన్న నేసేవాడు, నేను మోసేవాణ్ని. చీరల మూట భుజాన వేసుకుని మూసారాంబాగ్ నుంచి మీర్‌పేట్ దాకా కాలనీ కాలనీ తిరిగి అమ్మాను. తర్వాత మెయిన్ రోడ్డుకు రెండు సందుల లోపల ఒక షట్టర్ కిరాయికి తీసుకున్నాను. దుకాణం ఎంత చిన్నదంటే, ముగ్గురు ఆడవాళ్లు ఒకేసారి చీరలు విప్పించుకుంటే నాలుగో ఆమె బయట నిలబడాల్సిందే.

నా దగ్గర ఒక్కడే సేల్స్‌మన్. చీరాల వైపు మనిషి. ఆయనా నేతవాళ్ల ఇంట్లో పుట్టినవాడే. నాకన్నా ఏడేళ్లు చిన్న. నేను "తమ్మీ" అని పిలిస్తే ఆయన నన్ను "సేటుగారూ" అని పిలిచేవాడు. అందులో సేటు మాది, గారు వాళ్లది. పన్నెండేళ్లు నా దగ్గరే పనిచేశాడు. "చూడండమ్మా, కొనకపోయినా పర్లేదు, ఒకసారి చూడండి" అనేవాడు. ఆ మాట విన్నాక కొనకుండా వెళ్లిన ఆడమనిషిని నేను పెద్దగా చూడలేదు. నా పేరు తెలియని గిరాకీలు కూడా "అండి అండి అంటడు గద, ఆయన దుకాణం" అని అడ్రసు చెప్పుకునేవాళ్లు. నాకది కొంచెం గుచ్చుకునేది.

ఇది తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజుల మాట. నేను ఉద్యమం మనిషినే, ఇందులో వేళాకోళం ఏమీ లేదు. మా ఊళ్లో మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోవడం చూసినవాణ్ని. రాష్ట్రం వస్తే బాగుపడతామని మనసారా నమ్మాను. మా దగ్గరి శిబిరంలో ఒకరోజు నిరాహార దీక్షకు కూడా కూర్చున్నాను. పొద్దున పదింటికి దండ వేయించుకుని కూర్చుని, సాయంత్రం ఐదింటికి నిమ్మరసం తాగి లేచాను. మధ్యాహ్నం రెండింటికే కళ్లు తిరిగిన సంగతి మా ఆవిడకు తప్ప ఎవరికీ తెలియదు.

బంద్ రోజుల్లో మా సందులో ఒక పద్ధతి ఉండేది. ఎవరూ కూర్చుని రాసుకున్నది కాదు, దానంతటదే కుదిరింది. పొద్దున్నే అన్ని షట్టర్లూ నేల దాకా దించి ఉండేవి. ఊరేగింపు వచ్చేది, మేమూ బయట నిలబడి జై కొట్టేవాళ్లం, ఊరేగింపు ముందుకు పోయేది. మధ్యాహ్నానికి మరీ అవసరం పడి ఎవరైనా వస్తే షట్టర్‌ను మోకాలి ఎత్తుకు లేపేవాళ్లం. వచ్చినవాళ్లు వంగి లోపలికి దూరేవాళ్లు. మళ్లీ దించి, ట్యూబ్‌లైట్ వేసుకుని, గొంతు తగ్గించి బేరం చేసేవాళ్లం. గొంతు తగ్గిస్తే బేరం తొందరగా తెగుతుందని అప్పుడే తెలిసింది. పెళ్లివాళ్లూ చావువాళ్లూ బట్టల కోసం వస్తే కాదనకూడదని అందరికీ లోలోపల ఒప్పుదలే. శిబిరం వాళ్లకూ తెలుసు, వాళ్ల ఇళ్లల్లోనూ పెళ్లిళ్లు అవుతున్నాయి మరి. షరతు ఒక్కటే. ఆర్భాటం చేయకూడదు. చూసేవాళ్లకు మూసినట్టుండాలి.

ఆ ఒక్క షరతునే నేను తప్పాను.

అప్పట్లో మా పక్క సందులో ఫ్లెక్సీలు ప్రింటు చేసే షాపు కొత్తగా వచ్చింది. ఎక్కడ చూసినా ఎవరో ఒకరి ముఖం వేలాడుతుండేది. బాలాపూర్ వినాయకుణ్ని చూడడానికి పోతే వినాయకుడి కన్నా ముందు ఇరవై ముఖాలకు దండం పెట్టుకుంటూ పోవాల్సి వచ్చింది. నాకూ ఒక ముఖం ఉంది కదా అనిపించింది. తర్వాతి బంద్ ఎప్పుడో ప్రకటించగానే ఆ షాపుకు పోయాను.

"ఏం రాయాలె సేటూ?" అన్నాడు షాపాయన.

"బంద్‌కు మా సంపూర్ణ మద్దతు అని పెద్దగ రాయి. పక్కన నా ఫోటో పెట్టు."

"పెట్టిన. కింద జాగ మిగిలింది. ఖాళీగ ఉంచాల్నా?"

ఖాళీ జాగా చూస్తే దుకాణదారుకు ప్రాణం ఊరుకోదు. "పెండ్లి పట్టు చీరలు మా ప్రత్యేకత అని పెట్టు" అన్నాను.

"ఫోన్ నంబర్?"

"పెట్టు మరి."

ఫోటో మా మేనల్లుడి పెళ్లిలో తీసింది. రెండు చేతులూ జోడించి, పళ్లు కనబడేలా నవ్వుతూ ఉన్నాను. పక్కనున్న మా బావను కత్తిరించేశారు కానీ, నా భుజం మీద వేసిన ఆయన వేళ్లు మాత్రం అలాగే మిగిలిపోయాయి. ఆ ఫ్లెక్సీని పైన బోర్డు నుంచి షట్టర్ సగం దాకా వేలాడేసి, ఎదురు సందులోకి పోయి నిలబడి, కాసేపు చూసుకుని వచ్చాను.

సేల్స్‌మన్ దాని వంక చూసి నెమ్మదిగా అన్నాడు. "ఇదెందుకండీ సేటుగారూ. షట్టరు దించితే మద్దతు ఇచ్చినట్టే కదండీ."

"అందరు దించుతరు తమ్మీ. మనం దించినట్టు ఎవరికి తెలుస్తది?"

"తెలియకపోతేనే మంచిదేమోనండి."

ఊరు కాని ఊరివాడు, భయపడుతున్నాడులే అనుకున్నాను. ఆయన మా సందు పద్ధతిని నాకన్నా బాగా అర్థం చేసుకున్నాడని అప్పుడు తట్టలేదు.

బంద్ రోజు మధ్యాహ్నం మా ఆవిడ అన్నం డబ్బా తెచ్చి లోపల మాకు వడ్డిస్తోంది. బయట ఎవరో షట్టర్ మీద వేలితో తట్టారు. నల్గొండ వైపు పల్లె నుంచి ఒక తల్లి, వెంట ఆమె చెల్లెలు. ఎల్బీనగర్ దాకా ఎవరిదో ట్రాలీలో వచ్చి, అక్కడి నుంచి నడిచారట. ఎల్లుండి పెళ్లి. పెళ్లికూతురు కట్టుకోవాల్సిన తలంబ్రాల చీరను ఎలుక కొట్టింది.

"కొంగు కాడనే కొట్టింది సేటూ. గది కట్టబెడితే పిల్ల అత్తగారోళ్లు ఏమనుకుంటరు. జర లోపటికి రానియ్యి, నీ కాళ్లు మొక్కుత" అంది ఆ తల్లి.

ఇలాంటి వాళ్ల కోసమే కదా మా పద్ధతి ఉన్నది. సేల్స్‌మన్ అన్నం చెయ్యి కడుక్కుని లేచాడు. "పిలుద్దామండి. ముందు ఆ ఫ్లెక్సీ విప్పేస్తాను, రెండు నిమిషాలు."

"ఉండనియ్యి. అది ఉంటే మన మీద ఎవరికీ అనుమానం రాదు" అని నేనే పోయి షట్టర్ లేపాను. లేపేటప్పుడు నడుములో కలుక్కుమంది. అమ్మా అని అక్కడే కూలబడ్డాను. ఆ వచ్చిన ఇద్దరూ నన్ను దాటుకుని లోపలికి దూరారు.

చీర దొరికింది. ఆ తల్లి కళ్లు తుడుచుకుంది. కవరు ముందు బయటికి తోసి, తర్వాత తాను వంగి, చేతులు నేలకు ఆనించి బయటపడింది. సరిగ్గా అప్పుడే సందులోకి ఒక మోటార్ సైకిల్ వచ్చి ఆగింది. మా ఏరియా వార్తలు రాసే విలేకరి. వార్తలతో పాటు పండగ ప్రకటనలు కూడా ఆయనే వసూలు చేసుకోవాలి. రెండేళ్లుగా ప్రతి పండక్కీ వచ్చి అడుగుతుంటే, వచ్చే పండక్కి చూద్దామని పంపేవాణ్ని. ఆ రోజు ఆయన ఏ ప్రకటనా అడగలేదు. జేబులోంచి కెమెరా తీసి, ఒక్క ఫోటో తీసుకుని పోయాడు.

తెల్లారి పేపర్లో పడింది. ఫోటో నిజంగా బాగా వచ్చింది, నేనే ఒప్పుకోవాలి. పైన సంపూర్ణ మద్దతు అన్న అక్షరాలు, పక్కన చేతులు జోడించిన నేను, నా జోడించిన చేతుల కింద నాలుగు కాళ్ల మీద బయటికి వస్తున్న గిరాకీ, ఆమె ముందు మా దుకాణం పేరున్న కవరు. నేనే ఆమెకు దండం పెట్టి సాగనంపుతున్నట్టుంది. పైన పెద్ద అక్షరాలతో "పైన మద్దతు, కింద బేరం" అని శీర్షిక. నా ఫోన్ నంబర్ కూడా స్పష్టంగా కనిపించింది. దానికి పొద్దున ఆరింటి నుంచే ఫోన్లు మొదలయ్యాయి.

పక్క దుకాణాల వాళ్లకు కోపం వచ్చింది. నా ఒక్కడి ఫ్లెక్సీ వల్ల సందంతా బజారున పడింది, ఇక ఎవరూ షట్టర్ మోకాలి దాకా కూడా లేపలేరు. శిబిరం నుంచి నలుగురు వచ్చారు. కొడతారేమోనని భయపడ్డాను. వాళ్లు చెయ్యెత్తలేదు. నిచ్చెన అడిగి తీసుకుని, ఫ్లెక్సీ విప్పి, నాలుగు మడతలు పెట్టి నా చేతికిచ్చారు. "జర పైలంగ పెట్టుకో సేటూ" అన్నాడు ఒకడు. చింపేసి ఉంటే ఇంకొంచెం మర్యాదగా ఉండేది.

వాళ్లు పోగానే విలేకరి ఫోన్ చేశాడు. దుకాణంలో ఎవరూ లేరనుకుని మాట్లాడాను.

"ఏమన్న వివరణ ఇస్తరా సేటూ? రేపటి పేపర్ల ఏస్త."

"నేను గా టైముల దుకాణంలనే లేను. శిబిరం కాడున్న."

"మరి షట్టర్ ఎవరు తీసిండ్రు?"

"మా సేల్స్‌మన్ ఉన్నడు గద. నన్ను అడగకుంట తీసిండు."

"ఏ ఊరు ఆయనది?"

ఇక్కడ ఆగే వీలుంది. ఫోన్ కట్ అయిందని చెప్పవచ్చు. గిరాకీ వచ్చిందనవచ్చు. విలేకరి ఏం ఆశించి అడిగాడో, నేను ఏం చెబితే ఏం అవుతుందో నాకు ఆ క్షణంలోనే తెలుసు.

"చీరాల" అన్నాను. నేను చెప్పినదాంట్లో అదొక్కటే నిజం.

మొన్నటి మీటింగులో ఆ అమ్మాయి, చెడ్డపేరు వచ్చినప్పుడు ఆలస్యం చేయకుండా వెంటనే స్పందించాలని చెప్పింది. నాకన్నా వెంటనే స్పందించినవాడు మా సందులో లేడు. ఫోన్ పెట్టేశాక నా తెలివికి నేనే సంతోషపడ్డాను కూడా. సిగ్గుపడ్డానని రాయాలని ఉంది కానీ, సిగ్గు అప్పటికి ఇంకా రాలేదు.

మర్నాడు "ఆంధ్రా సేల్స్‌మన్ నిర్వాకం, యజమాని ఆవేదన" అని వచ్చింది. ఆవేదన నేను పడలేదు, పేపరువాళ్లే జతచేశారు. ఫోన్లు మళ్లీ వచ్చాయి, ఈసారి ఓదార్పు ఫోన్లు. పాపం సేటూ, మంచోనివి, పనోళ్లను నమ్మితే ఇంతే అన్నారు. పక్క దుకాణంవాడు చాయ్ పంపించాడు. లెక్క ప్రకారం చూస్తే నా పేరు నాకు ఒక్క రోజులో తిరిగి వచ్చేసింది.

సేల్స్‌మన్ రోజూ వచ్చే టైముకే వచ్చాడు. దేవుడి పటానికి అగరుబత్తి వెలిగించాడు.

"పేపరు చూశానండి" అన్నాడు.

"వాడు అట్ల రాసుకున్నడు తమ్మీ. నేను గట్ల అనలే."

"అలాగేనండి" అన్నాడు.

ఆ రోజు మధ్యాహ్నం ఏళ్లుగా వచ్చే ఒకామె దుకాణానికి వచ్చింది. ఆయన కుర్చీ జరిపి, "రండమ్మా" అన్నాడు. ఆమె ఆయన్ని దాటి నా దగ్గరికి వచ్చి, "నువ్వే చూపియ్యి సేటూ" అంది. ఆయన కుర్చీ అక్కడే వదిలేసి పక్కకు తప్పుకున్నాడు. నేను చీరలు చూపించాను, ఆమె కొనలేదు.

మూడో రోజు ఆయన భార్య మా ఇంటికి వచ్చింది. మా దుకాణం చీరలకు ఫాల్స్ కుట్టేది ఆమే. కుట్టకుండా మిగిలిన చీరలన్నీ మూటగట్టి తెచ్చింది.

"ఇవి ఉంచండి వదినగారూ. మేం ఊరెళ్లిపోతున్నామండి" అంది మా ఆవిడతో. మీర్‌పేట్‌లో వాళ్లుండే ఇంటి ఓనర్ నెలాఖరుకు ఖాళీ చేయమన్నాడట. తనకేం లేదు కానీ గల్లీలో మాట వస్తోందన్నాడట. వాళ్ల అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. పరీక్షలకు నెల కూడా లేదు. పరీక్ష రాయించకుండానే తీసుకుపోయి, వచ్చే ఏడు అక్కడ మళ్లీ చదివించుకుంటామని చెప్పి ఆమె వెళ్లిపోయింది.

నేను అన్నానికి కూర్చున్నాను. మా ఆవిడ వడ్డిస్తూ వడ్డిస్తూ అడిగింది.

"షట్టర్ లేపి నడుం పట్టుకున్నది నువ్వా, ఆయననా?"

నేను తల వంచుకుని అన్నం కలుపుకున్నాను.

"నేను ఆడనే ఉన్న గద. జండూబామ్ రాసింది ఎవరి నడుముకు?"

"పేపరోడు అడిగిండు. ఏదో ఒకటి చెప్పాలె గద."

"చెప్పినవ్. నీ మూతికి మసి అంటొద్దని గా పిల్ల పుస్తకాలు మూట గట్టించినవ్. మంచిగనే చెప్పినవ్." పెరుగు గిన్నె నా ముందు పెట్టి, వడ్డించకుండానే లేచిపోయింది. సిగ్గు అప్పుడొచ్చింది. ఆ పిల్ల చిన్నప్పుడు దుకాణంలో చీరల కింద దూరి ఆడుకునేది.

సిగ్గు వచ్చిందని వెంటనే నిజం చెప్పేశాననుకుంటారేమో. దుకాణదారులకు అంత తొందరగా బుద్ధి రాదు. నిజం చెప్పకుండానే పని జరిగే దారి ఏమైనా ఉందా అని ఆలోచించాను. శిబిరంలో ఒక పెద్దాయన ఉండేవాడు, రిటైరైన హెడ్మాస్టరు. మీర్‌పేట్ వైపు ఆయన మాటంటే గౌరవం. ముందు శిబిరానికి ఏదైనా సాయం చేసి, తర్వాత ఆయన చెవిలో ఒక మాట వేసి, ఇంటి ఓనర్‌కు చెప్పిద్దామనుకున్నాను. రెండు పెద్ద గిన్నెల నిండా పులిహోర చేయించి, ఆటోలో పెట్టి తీసుకుపోయాను. గిన్నెల చుట్టూ దుకాణం పేరు రాసిన గుడ్డ కట్టించాను. నేను ఇంకా మారలేదన్నమాట.

హెడ్మాస్టరు విస్తరాకులో పెట్టుకుని తిన్నాడు. "పులిహోర మంచిగున్నది. గిన్నెకు పేరెందుకు కట్టినవయ్యా, తప్పిపోతదా?" అన్నాడు.

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేను నసుగుతుంటే నా ముఖం వంక చూసి, "ఏదో చెప్పేటట్టున్నవ్. రేపు ఎల్బీనగర్ల వంటావార్పు ఉన్నది, ఆడికి రా" అన్నాడు.

వంటావార్పు అంటే మీకు తెలియకపోవచ్చు. నిరసనగా జనం రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండుకుని తినేవాళ్లు. మర్నాడు ఎల్బీనగర్ చౌరస్తా అంతా పొగ. ఎప్పుడూ లారీలు తిరిగే చోట రాళ్ల పొయ్యిల మీద అన్నం ఉడుకుతోంది. ఒకవైపు డప్పులు, ఒకవైపు ఆడవాళ్ల పాటలు. హెడ్మాస్టరు ఒక పొయ్యి దగ్గర కూర్చుని పుల్లలు ఎగదోస్తున్నాడు. పక్కన కూర్చుని చెవిలో అంతా చెప్పాను. షట్టర్ లేపింది నేనే అని, ఆ సంగతి ఆయనే ఇంటి ఓనర్‌కు నచ్చజెప్పాలని.

ఆయన పుల్ల పక్కన పెట్టాడు. "అబద్ధం నువ్వు చెప్తివి. నిజం నన్ను చెప్పమంటవా?"

లేచి పోయి మైకు తెచ్చి నా చేతికిచ్చాడు.

నేను మొదట ఉద్యమ వందనాలు చెప్పాను. పోచంపల్లి మగ్గాల గురించి చెప్పాను. మా నాన్న చేతుల గురించి చెప్పాను, అది బాగానే వచ్చింది, రెండు నిమిషాలు సాగింది. హెడ్మాస్టరు గట్టిగా దగ్గాడు. అప్పుడు చెప్పాను. "మొన్న పేపర్ల పడ్డ దుకాణం నాది. బంద్ నాడు షట్టర్ లేపింది నేను. మా సేల్స్‌మన్ వద్దనలే, ఫ్లెక్సీ తియ్యమన్నడు. నేనే ఇనలే. ఆయన తప్పని పేపరోనికి అబద్ధం చెప్పిన."

  అందరూ నా వంకే చూస్తున్నారు. రాయి పడుతుందా, చెప్పు పడుతుందా అనుకుంటూ నిలబడ్డాను.

పప్పు కలుపుతున్న ఒకామె తలెత్తకుండానే అంది. "గది మాకెరికే సేటూ."

అందరూ ఘొల్లుమన్నారు. ఇంకొకామె అందుకుంది. "ఆ పెండ్లి మా మరిది బిడ్డదే. షట్టర్ లేపి అమ్మా అని కూలబడ్డవంట గద. నడుం నొప్పి తక్కువైందా?"

తేలిగ్గా ఊపిరి పీల్చుకుని నేనూ నవ్వబోయాను. హెడ్మాస్టరు నవ్వడం లేదు. మైకు తీసుకుని పక్కన పెట్టి, నాకు మాత్రమే వినపడేలా అన్నాడు. "షట్టర్ లేపినవని నిన్ను ఎవరన్న తిట్టిండ్రా? బంద్ అని పెండ్లి ఆగుతదా? నీ తప్పు తీసుకపోయి ఇంకొకని నెత్తిన పెట్టినవ్. గది చూసినం."

"అందరికి ఎరికుంటే మరి ఎవ్వరు అనకపోతిరి సారూ?"

ఆయన పొయ్యిలోకి ఇంకో పుల్ల ఎగదోశాడు. "నువ్వు మనోనివి గద. ఊకున్నం. మాది గూడ తప్పే" అన్నాడు.

నాకు అన్నిటికన్నా ఆ మాటే గట్టిగా తగిలింది. ఎల్బీనగర్ నుంచి మా సందు దాకా నిజం తెలియనివాడు లేడు. తెలిసీ ఆ ఇల్లు ఖాళీ అవుతోంది.

విలేకరి కూడా అక్కడే ప్లేటు పట్టుకుని నిలబడి ఉన్నాడు. "ఇది గూడ ఏస్తవా?" అని అడిగాను. "గిది వార్త కాదు సేటూ, ఎవరు సదువుతరు" అని అన్నం పెట్టించుకోవడానికి పోయాడు. పేపర్లో ఎక్కిన అబద్ధాన్ని దించడానికి పేపరు దొరకదని అప్పుడే తెలిసింది. దానికి కాళ్లతో తిరగడం ఒకటే దారి.

హెడ్మాస్టరును, మా ఆవిడను వెంటబెట్టుకుని అదే సాయంత్రం మీర్‌పేట్ పోయాను. ఇంటి ఓనర్ బస్సు డ్రైవరు, డ్యూటీ దిగి ఖాకీ చొక్కా ఇంకా విప్పలేదు. మైకులో చెప్పిందే ఆయనకూ చెప్పాను, ఈసారి వందనాలు లేకుండా. ఆయన నేల చూపులు చూశాడు. "నాకు ఆయన మీద ఏం లేదు సేటూ. మంచి మనిషి. నలుగురు అంటుంటే నేను పరేషాన్ అయిన. ఉండనియ్యుండ్రి. ఎవలన్న అడిగితే ఇగ నేనే చెప్త" అన్నాడు. ఆ గల్లీలో ఇంకో నాలుగు ఇళ్ల తలుపులు కూడా తట్టి చెప్పాను. మూడో ఇంటికి వచ్చేసరికి నిజం చెప్పడం కొంచెం అలవాటైంది.

పైన వాటాలో సామాను సగం కట్టి ఉంది. మా ఆవిడ నేరుగా లోపలికి పోయి పుస్తకాల మూట విప్పి, ఆ పిల్ల ముందు పెట్టింది. పిల్ల ఒక పుస్తకం తీసుకుని గోడవైపు తిరిగి కూర్చుంది. సేల్స్‌మన్ నాతో మెట్ల దాకా వచ్చాడు.

"చాలా సంతోషమండి. పిల్ల పరీక్షలు రాస్తుంది" అన్నాడు.

"ఎల్లుండి శుక్రవారం. మంచి రోజు, ఆనాటి నుంచి మల్ల దుకాణానికి రా తమ్మీ."

"కొట్టుకి మాత్రం రానండి. ఎల్బీనగర్లో ఒక షాపువాళ్లు రమ్మన్నారు, అటు వెళ్తాను."

"మాఫ్ చెయ్యి తమ్మీ. అందరి ముందట చెప్పిన గద."

"చెప్పారండి. ఆ మాట పక్కింటివాళ్లు చెప్పగానే కళ్లనీళ్లు వచ్చాయి నాకు." లోపలికి ఒకసారి చూసి అన్నాడు. "ఆ రోజు మీరు పేపరాయనతో మాట్లాడుతుంటే నేను లోపల బీరువా వెనకే ఉన్నానండి సేటుగారూ. ఇక మీ దగ్గర ఉంటే, ఫోన్ మోగినప్పుడల్లా చేతిలో పని ఆపి వినాలి. అది నావల్ల కాదండి."

నేను మెట్లు దిగి వచ్చేశాను. మళ్లీ రమ్మని అడగలేదు, అడిగే ముఖం నాకు లేదు. ఆ పిల్ల పరీక్షలు రాసి పాసైంది. ఆ కబురు కూడా మా ఆవిడ ద్వారానే తెలిసింది.

తర్వాత కొన్ని నెలల పాటు దుకాణానికి వచ్చిన ప్రతివాళ్లూ ఆయన్నే అడిగారు. మొదటిసారి అడిగినామె కొత్తపేట వైపు టీచరమ్మ. "అండి అండి అనేటాయన ఏడి సేటూ?" అంది. మంచి జీతం దొరికి పోయాడని చెప్పబోయాను. నోటి దాకా వచ్చింది, వినడానికి బాగుంటుంది కూడా. ఎలాగో మింగి, "నేను ఆయన మీద అబద్ధం చెప్పిన మేడం. అందుకే పోయిండు" అన్నాను.

ఆమె చేతిలో ఎర్ర ఇక్కత్ చీర ఉంది. ఉతికితే రంగు పోదని అప్పుడే ఆమెకు చెప్పి ఉన్నాను. ఆమె నా వంక చూసింది, చీర వంక చూసింది.

"రంగు పోదంటివి గద సేటూ. గదన్న నిజమేనా?"

నిజమే అన్నాను. ఆమె ఆ చీర కొంగు తీసుకుపోయి, బయట ఎండలో పెట్టి, వేలు తడి చేసి రుద్ది చూసుకుంది.